మెట్టపొలములో చెట్టు

జహీరాబాదు నుండి బీదరు దారిని పోవువారికి ఎఱ్ఱనేలల నడుమ, కందిచేల గట్లమీద, అచ్చటచ్చట ఒక వేపయో, చింతయో, తుమ్మయో కానవచ్చును. వానిలో పెక్కింటిని ఎవరును నాటలేదు. పిట్ట విడిచిన గింజ మొలచినది. దున్నువాడు నాగలిని ప్రక్కకు త్రిప్పెను. అంతే.

ప్రభుత్వము 1950లో కన్నయ్యలాల్ మున్షీగారి పూనికతో వనమహోత్సవము నారంభించినది. నాటినుండి ఏటేట మొక్కలు నాటుచునే యున్నాము. నాటుట ఒకనాటి పండుగ. మేకల నోట బడకుండ మూడు వేసవులు కాచుట ఎవరి పనియో చాలకాలము ఎవరును అడుగలేదు.

రైతును నిందించి లాభము లేదు. నీడపడినచోట జొన్నకంకి చిన్నదగును, పిట్టలు వాలును, కఱవు వచ్చిన యేడు కలప అప్పు తీర్చును. ఈ లెక్క చూడక చెట్టు మహిమను బోధించుట చెవిటివాని ముందు శంఖ మూదుటయే.

అయితే లెక్కకు రెండవ వైపు కూడ కలదు. దసరానాడు మనము మ్రొక్కు జమ్మినే చూడుడు. దాని వేరు మిక్కిలి లోతునకు దిగును; నీడ పలుచన; నేలకు నత్రజని నిచ్చును; కొమ్మలు పశువులకు మేత. రాజస్థానములో దానినే ఖేజ్రీ యందురు. 1730లో జోధపురపు రాజోద్యోగులు ఆ చెట్లను కొట్టవచ్చినపుడు, ఖేజర్లీ గ్రామమున బిష్ణోయీలు 363 మంది వానిని కౌగిలించుకొని ప్రాణములు విడిచిరి.

జహీరాబాదు కథలో అంతటి ఘోరము లేదు. 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దాని స్థాపకులలో నొకరైన పి.వి. సతీష్‌గారు 2023లో కీర్తిశేషులైరి. పస్తాపురము కేంద్రముగా ఊరూర మహిళా సంఘములు వెలసెను. సభ్యులలో అధికులు దళిత స్త్రీలు, కొద్దిపాటి మెట్టనేల గలవారు. బంజరులలో చెట్లు పెంచినదియు, మందుమొక్కలను కాపాడినదియు ఈ సంఘములే. వారికి చెట్టనగా కలప కాదు: పొయ్యిలోనికి పుల్ల, పులుసులోనికి చింతపండు, మేకకు కొమ్మ, పంటపురుగునకు వేపగింజల కషాయము. పుల్లలకై దూరము నడువవలసినది తామే గనుక కావలియు తామే యైరి. రేడియోగల మన గృహములకు ఇంకొక ముచ్చట: 2008 నుండి మాచునూరులోని సంఘం రేడియోలో విత్తనములను, పంటలను గూర్చి ప్రసంగించినవారు ఆ స్త్రీలే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమతి ఈ సొసైటీకి లభించెను.

విచిత్రమేమన, అదే 1983లో ఆఫ్రికాలోని నైజరు దేశమున టోనీ రినాడో అను ఆస్ట్రేలియావాసి, తాను నాటిన మొక్కలు ఎండిపోవుచుండగా, కొట్టివేసిన చెట్ల మోళ్లు పొలములలో చిగిర్చుట గమనించెను. రైతులు ఒక్కొక్క మోటికి కొన్ని పిలకల నుంచి కాచిరి. ఆ పద్ధతి దాదాపు 50 లక్షల హెక్టారులకు వ్యాపించినది. అచ్చట మునుపు చెట్టు ప్రభుత్వపు సొత్తు. ఆ కట్టు సడలి, ఫలము తనదేయని తోచినపుడే రైతు గొడ్డలి దించెను.

మనకడ 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము ప్రకారము, కొన్ని మినహాయింపులు దక్క, సొంత చేనిలోని చెట్టును కొట్టుటకును అనుమతి కావలెను. ఉద్దేశము మంచిదే. కాని రేపు కొట్టనీయరను భయమున నేడే మొలకను పెఱికివేయువాడును ఉండును. చేలలోని చెట్ల విషయమున ఇట్టి నిబంధనలను సులభము చేయవలెనని 2014 నాటి జాతీయ వ్యవసాయ అటవీ విధానము పేర్కొన్నది. అట్టి విధానమును ప్రకటించుటలో ప్రపంచమున మన దేశమే మొదటిది.