వాక్యము వినుట – గ్రహించుట

ఒకనాడు నేనొక రైతునకు శిస్తు కాగితమును ఆగి ఆగి చదివి వినిపించితిని. ఆయన తల యూపెను. గడువు మాత్రము గ్రహింపక నష్టపడెను. దోషము నాదే. దాని పేరు పిదప తర్కశాస్త్రమున దొరకెను.

17వ శతాబ్దమున ఆంధ్రుడగు అన్నంభట్టు తర్కసంగ్రహమున వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడు హేతువులు చెప్పెను. ఒక పదము మరొకదానిని కోరుట ఆకాంక్ష. అర్థము పొసగుట యోగ్యత. పదములు జాగులేక వెంటవెంట వినబడుట సన్నిధి. నిప్పుతో తడుపుమన్నచో యోగ్యత లేదు. జామునకొక పదము పలికినచో సన్నిధి లేదు. నేను చెరచినది సన్నిధినే.

పాశ్చాత్యులు ఈ విషయమును మెదడునందు వెదకిరి. 1861లో పారిస్ వైద్యుడు బ్రోకా పలుకుటకును, 1874లో జర్మను వైద్యుడు వెర్నికె మాట గ్రహించుటకును ముఖ్యమగు తావులను ఎడమ మెదడున చూపిరి. 1980లో అమెరికాలో కుటాస్, హిల్‌యార్డ్ అనువారు వాక్యాంతమున పొసగని పదముంచి చదివించిరి. అది కనబడిన సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడున ప్రత్యేక విద్యుత్తరంగము కానవచ్చెను. వినిన మాటలకును అట్లే యగునని పిదప తేలెను. యోగ్యతాలోపమును మెదడు అర సెకనులోనే పసిగట్టునన్నమాట.

కావున, గ్రంథాలయమున పత్రికలు చదివి వినిపించు యువకులారా! వాక్యమును నడుమ తెంపకుడు. వినువాడు తల యూపినంతనే గ్రహించెనని తలపకుడు.