ఆయిలింజను నీళ్ల గొట్టం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల చరిత్ర అనగానే అమరావతి, కొండవీడు, 1921 నాటి చీరాల-పేరాల ఉద్యమం, పెదనందిపాడు పన్నుల నిరాకరణ మనసులో మెదులుతాయి. వాటిని గురించి నాకంటె బాగా తెలిసిన మిత్రులు మన సంఘంలోనే ఉన్నారు. నేను రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, కాగితాల మధ్యనే రిటైరయినవాణ్ణి. అందుచేత మన మెట్ట పొలాలకు నీళ్లు తోడిన ఆయిలింజనును గురించి, అందులోనూ దానికి నీళ్లు పోయే గొట్టాన్ని గురించి రాస్తున్నాను. ఇదేం చరిత్ర అని నవ్వేవారు నవ్వవచ్చు. కాని ఆ గొట్టం వలన ఒక కుటుంబం దెబ్బతిన్నది. అందులో నా చేతిరాత కూడా ఉంది.

నల్లరేగడి నేల తడిని చాలాకాలం పట్టుకుంటుంది. అందుకే మన పెద్దలు వాన మీదే పత్తి, మిరప పండించారు. అయితే చివరి వానలు మొండికేసిన ఏడు మిరప పూత నిలవాలంటే ఒక్క తడి అయినా ఇచ్చి తీరాలి. నాగార్జునసాగరు కుడి కాలువకు నీళ్లు వదిలింది 1967లో. కాలువ అందని మెట్ట రైతుకు అప్పుడూ ఇప్పుడూ బావి, లేదా ఓగేరు, నల్లమడ వంటి వాగులే దిక్కు. బావి మీద మోట, వాగు పక్కన గూడ. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో దొరువులు తవ్వి కడవలతో పోసేవారు. ఈ చాకిరీ తప్పించింది ఆయిలింజను.

మొదట వచ్చినవి చాలా వరకు ఇంగ్లండు సరుకే. డర్స్‌లీ నుంచి లిస్టరు, లింకన్ నుంచి రస్టన్ హారన్స్‌బీ, యోవిల్ నుంచి పెట్టరు. లిస్టరు కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన సి.ఎస్. రకం నిమిషానికి ఆరేడు వందల చుట్లకు మించి తిరిగేది కాదు. అంత నిదానం కనుకనే అన్నేళ్లు మన్నింది. మన దేశంలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ 1946లో పూనాలో పుట్టింది. ఆ తరువాత రాజ్‌కోటలోని చిన్న చిన్న కార్ఖానాలు లిస్టరు నమూనాలోనే ఇంజన్లు పోతపోయసాగాయి. ఇంగ్లండులో ఆ రకం తయారీ 1980ల చివర ఆగిపోయింది. రాజ్‌కోటలో ఆ తరువాత కూడా సాగింది.

ఈ ఇంజను లోపల నూనె మండుతుంది కనుక సిలిండరు చుట్టూ ఎప్పుడూ నీళ్లు తిరుగుతుండాలి. దానికి రెండు పద్ధతులు. ఒకటి, పంపు ఎత్తిపోసే నీటిలోనే కొంత సన్నని గొట్టంతో ఇంజనులోకి మళ్లించి, వేడెక్కిన నీటిని పొలంలోకే వదలడం. ఖర్చు లేని పద్ధతి. కాని వాగు బురద లోపల పేరుకుంటుంది. పంపు నీరు వదిలేస్తే ఇంజనుకూ నీళ్లు ఆగిపోతాయి. కంగారుపడి కాలుతున్న హెడ్డు మీద చన్నీళ్లు పోసి, దాన్ని పగలగొట్టుకున్నవారిని నేనెరుగుదును. రెండోది, పక్కన ఒక డ్రమ్ము పెట్టి రెండు గొట్టాలు కలపడం. వేడి నీరు తేలిక గనుక పై గొట్టం గుండా డ్రమ్ములోకి ఎక్కుతుంది, చల్లారిన నీరు అడుగు గొట్టం గుండా ఇంజనులోకి దిగుతుంది. పంపు అక్కరలేదు. అయితే పై గొట్టం డ్రమ్ము వైపు ఎగువాలుగా ఉండాలి, డ్రమ్ములో నీరు ఆ గొట్టం మూతికి పైన నిలవాలి. గొట్టం సన్నబడినా, మధ్యలో గాలి చేరినా నీరు తిరగడం మానేస్తుంది.

ఇక అసలు సంగతి. 1973లో ఉద్యోగంలో చేరిన నేను 1979 నాటికి ఒక తాలూకా కచేరీలో వసూళ్ల సెక్షను చూసేవాణ్ణి. ఊరి పేరు, రైతు పేరు రాయడం భావ్యం కాదు. ఆ రైతు 1972 కరువులో బావి లోతు చేయించుకోవడానికి తక్కావి అప్పు తీసుకున్నాడు. కొన్ని కిస్తులు కట్టి ఆగిపోయాడు. ఇంటి దగ్గర జప్తుకు తగిన వస్తువంటూ ఉన్నది పాత ఇంగ్లండు ఆయిలింజను ఒక్కటే. అది వ్యవసాయ పనిముట్టు, జప్తు చేయరాదని ఆ ఊరి పెద్ద ఒకరు వాదించారు. అప్పుడు రెవిన్యూ ఇన్‌స్పెక్టరు గారితో నేనూ వెళ్లి చూశాను. ఇంజను తిరగడం లేదు. హెడ్డు నుంచి డ్రమ్ముకు పోయే పోత ఇనుప వంపు గొట్టం తుప్పు తిని, అంచు దగ్గర విరిగింది.

“ఇంజను చావలేదు బాబూ, గొట్టం పోయింది. ఒక్క నెల ఆగండి” అన్నాడు ముసలాయన.

మేము పట్నంలో విడిభాగాలు అమ్మే షాపులో విచారించాం. ఆ మోడలు ఎప్పుడో ఆపేశారు, గొట్టం ఇక రాదు అన్నారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. నేను కచేరీకి వచ్చి నోటు రాశాను: “విడిభాగములు లభ్యము కానందున సదరు యంత్రము నిరుపయోగము, పాత ఇనుముగా పరిగణించదగినది.” పాత ఇనుము అయ్యాక అది పనిముట్టు ఎలా అవుతుంది? పైఅధికారులు నా వాక్యాన్ని అక్షరం మార్చకుండా సంతకం చేశారు. వాక్యం చక్కగా కుదిరిందని ఆ రోజు సంతోషించాను కూడా. ఇంజను తూకం లెక్కన వేలంలో పోయింది. అప్పు తీరలేదు సరికదా, ఆ ఏడు పూత మీదున్న మిరపకు తడి లేకపోయింది.

1981లో పంట అజమాయిషీకి వేరే ఊరు వెళ్లినప్పుడు వాగు గట్టున ఆ ఇంజను తిరుగుతూ కనిపించింది. అదేనని ఎలా గుర్తుపట్టానంటే, జప్తు జాబితాలో దాని నంబరు రాసినవాణ్ణి నేనే. పాత ఇనుము కొన్న ఆసామి దానిని ఒక ఫిట్టరుకు ఇచ్చాడట. ఆ ఫిట్టరు అక్కడే ఉన్నాడు. అడిగితే సంతోషంగా చెప్పుకొచ్చాడు. విరిగిన గొట్టం అంచును అట్ట మీద పెట్టి బోల్టు బెజ్జాలు గుర్తు వేసుకున్నాడు. పావంగుళం రేకులో ఆ ఆకారం కోసి, అంగుళం జి.ఐ. పైపు ముక్క దానికి వెల్డింగు చేశాడు. పైన ఒక ఎల్బో, మరకు వైట్‌లెడ్డు రాసి జనపనార చుట్టాడు. నేరుగా డ్రమ్ము దాకా ఇనుప పైపే బిగిస్తే వారానికే వెల్డింగు దగ్గర నెర్రె ఇచ్చిందట, ఇంజను అదురు వలన. రెండోసారి మధ్యలో కోసి లారీ రేడియేటరు రబ్బరు గొట్టం జానెడు పెట్టి రెండు క్లిప్పులు వేశాడు. ఇక కదలలేదు. మొత్తం ఖర్చు ఒక బస్తా పత్తి గింజలంత కూడా కాలేదన్నాడు.

“పాత గొట్టం రెండో కొనకు మర ఉంది చూశారా గుమాస్తా గారూ? అది మన కుళాయి పైపు మరే. డ్రమ్ము వైపు నేనేమీ కోయక్కరలేకపోయింది” అన్నాడు.

ఈ మాట నన్ను చాలాకాలం వదలలేదు. రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన 1841లో మరలన్నిటికీ ఒకే కోణం ఉండాలని, 55 డిగ్రీలుగా ప్రతిపాదించాడు. నీటి పైపుల మర కూడా ఆ కోణంతోనే స్థిరపడింది. అంగుళం పైపుకు అంగుళానికి 11 మరలు. తెల్లవాళ్ల హయాములో మన కుళాయిలకూ అదే వచ్చింది. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి గజం, శేరు పోయి మీటరు, కిలో వచ్చినా పైపు మర మాత్రం మారలేదు. ఇప్పటికీ హార్డ్‌వేరు కొట్లో అరంగుళం, అంగుళం అనే అడుగుతాం. (మనం అడంగల్లో హెక్టార్లు రాసినా రైతు నోట ఎకరం పోలేదు గదా.) కంపెనీ ఆ వంపు గొట్టాన్ని పోతపోయడం మానేసింది. దాని మర, దాని కొలత మాత్రం మన బజారులోనే ఉన్నాయి. “ఈ గొట్టం ఉందా” అని షాపులో అడిగాను గాని, “దీన్ని చేయగలరా” అని లేతు షాపులో అడగలేదు. నోటు ఫారంలో ఆ రెండో ప్రశ్నకు గడి లేదు.

తరువాత ఆయిలింజన్ల వైభవం తగ్గింది. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 1983లో వ్యవసాయ కరెంటుకు హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయల రేటు పెట్టింది. 2004 మేలో రాజశేఖర రెడ్డి గారు ఉచిత విద్యుత్తు ఇచ్చారు. డీజిలు పోసి తోడవలసిన అవసరం వాగుల పక్కన, కాలువ చివరి భూముల్లో మిగిలింది. ఈనాటి ట్రాక్టర్లకు మాత్రం ఫిట్టరు చేసిన ఈ వైద్యం పనికిరాదు. వాటి రేడియేటరులో నీరు ఒత్తిడి మీద ఉంటుంది, గొట్టాలు అచ్చులో వంపు తిప్పి పోసిన రబ్బరువి. ఎల్బో పెడితే ఒరుసుకుపోతుంది. ఆ మోడలు ఆగిపోతే దగ్గరి వంపు ఉన్న మరో బండి గొట్టం వెతికి కోసి వేసుకోవాలి.

ఆ ముసలాయన తరువాతి రెండేళ్లలో రెండెకరాలు అమ్మి సర్కారు బాకీ, ఊరి బాకీ తీర్చాడని విన్నాను. కొడుకు గుంటూరులో మిరపకాయల హమాలీగా చేరాడు. నేను వెళ్లి కలవలేదు. ఏమని చెప్పాలో తోచక ఒకసారి వారి ఊరి బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఆ ఇంజను 1990 తరువాత కూడా వాగు మీద తిరిగింది, నేను విన్నాను. ఫైలు మటుకు వేలం అయిన నెలలోనే డి.డిస్. వేసి రికార్డు రూముకు పంపాను. అంటే పదేళ్లు. ఈపాటికి ఏనాడో తగలబెట్టి ఉంటారు.