స్లయిడ్-అవుట్ మరమ్మతు

ట్రావెల్ ట్రెయిలర్ ఆగినప్పుడు పక్కగోడలోంచి బయటికి జరిగి గదిని వెడల్పు చేసే పెట్టెలాంటి భాగం స్లయిడ్-అవుట్. పాత బండ్లలో దీనికి అసలు శత్రువు నీరు. రబ్బరు సీళ్లు ఎండి పగిలితే వాన నీరు అంచుల్లోంచి దిగి, ప్లైవుడ్ నేలను పొరలు పొరలుగా ఉబ్బించి కుళ్లబెడుతుంది. నేల కుంగితే పెట్టె ఒక పక్కకు వాలి గేర్లు బిగుసుకుపోతాయి. అప్పుడు పెట్టెను జరిపే మోటారు మార్చితే చాలనుకోవడం పొరపాటు. ముందు జాకీలు, దిమ్మెలు పెట్టి పెట్టె బరువు ఆపాలి. కుళ్లిన చెక్కను గట్టి భాగం తగిలేదాకా కోసి తీసేసి, వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వేసి, అంచులకు ఎపాక్సీ పట్టించాలి. పెట్టె రెండు చివరలూ సమంగా జరుగుతున్నాయని చూసుకున్నాకే కొత్త సీళ్లు బిగించాలి. వేసవి ఎండకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది కనుక, ఏటా తొలకరికి ముందే సీళ్లను పరీక్షించుకోవాలి.