ఐదో నంబరు రోడ్డు, అత్తయ్యగారి జాడీ

మొన్న కార్తీకమాసంలో అన్నవరం వెళ్ళొచ్చాం. మా అమ్మాయి పెళ్ళి కుదిరితే వ్రతం చేయిస్తానని మొక్కుకున్నాను లెండి. మా అబ్బాయి కారు నడిపాడు. ముందు సీట్లో మా మావయ్యగారు. ముప్ఫై అయిదేళ్ళు లారీ నడిపిన మనిషి కాబట్టి ఆ సీటు కోసం మా ఇంట్లో ఎవరూ పోటీ పడరు.

సిద్ధాంతం వంతెన దాటాం, రావులపాలెం ఇంకా రాలేదు. "కాస్త మెల్లగా పోనీరా" అన్నారు. ఎడమ పక్కకి చూశారు. నేనూ చూశాను. ఇనప కంచె, దాని అవతల సిమెంటు కాలువ, ఆ వెనక అరటితోట. "ఇక్కడే" అన్నారు. వెనక నించి ఎవరో హారన్ మోగించేసరికి మావాడు వేగం పెంచేశాడు.

ఇక్కడే అంటే పిన్ని హోటలు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన 1994 నించీ వింటున్న పేరు. ఒక్కసారైనా చూడలేదు. ఇంటికొచ్చాక వారం రోజులు మావయ్యగార్ని, సాయంత్రాలు మా అరుగు మీదకి చేరే ఆయన స్నేహితులు ఇద్దర్నీ కూర్చోబెట్టి, పాత రోడ్డు సంగతులు అడిగి ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. రోడ్లకిరుపక్కలా చెట్లు నాటించెను అని అశోకుడి గురించి మనందరం బడిలో వల్లెవేసినవాళ్ళమే. ఆ చెట్ల కింద పొయ్యి వెలిగించి దారిన పోయేవాళ్ళకి అన్నం వండిన వాళ్ళ గురించి ఏ పాఠంలోనూ చదివిన గుర్తు లేదు.

ఇప్పుడు దీన్ని పదహారో నంబరు జాతీయ రహదారి అంటున్నారు. 2010లో నంబర్లు మార్చారు. మావయ్యగారికి మాత్రం అది ఐదో నంబరు రోడ్డే. ఇచ్ఛాపురం దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చి, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా తడ దగ్గర తమిళనాడులోకి పోతుంది. మన వైపే సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆయన క్లీనరుగా చేరిన రోజుల్లో ఒకే రోడ్డు. వెళ్ళే బండీ, వచ్చే బండీ దాని మీదే. ఎదురుగా బస్సొస్తే ఒక పక్క చక్రాలు మట్టిలోకి దించాలి. మధ్యలో ఎడ్లబళ్ళు, కోతల కాలంలో రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం.

అప్పటి లారీలకి పవర్ స్టీరింగు లేదు. టాటా బండికి మెర్సిడెస్ బెంజి గుర్తు ఉండేది, 1969లో ఆ ఒప్పందం అయిపోయాక కూడా మావాళ్ళు చాలాకాలం బెంజి లారీ అనే అన్నారు. ఇంజను వేడంతా కాళ్ళకి తగిలేది. ఎండాకాలం రేడియేటరు మరిగి పొగలు కక్కేది. బండికి నీళ్ళు కావాలి, మనిషికి టీ కావాలి, పంచరు పడితే వేసేవాడు కావాలి. ఈ మూడూ ఒకచోట దొరికితే అక్కడ హోటలు నిలబడిపోయేది. చెట్టు నీడ కూడా ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

పిన్ని హోటలుకి బోర్డు లేదు. తాటాకు పాక, ముందు చింతచెట్టు, పక్కన బోరింగు, దాని కింద లారీవాళ్ళు స్నానాలు చేసే సిమెంటు తొట్టి. పది పన్నెండు నులక మంచాలు. భోజనానికి మంచం మీదే అడ్డంగా ఒక చెక్క పలక వేసేవాళ్ళు. చుట్టూ అరటితోటలు కాబట్టి అరటాకులకి లోటు లేదు. పప్పుచారు, ఒక కూర, దొరికిన రోజు చేపల పులుసు, గడ్డ పెరుగు. క్లీనరు కుర్రాళ్ళకి మారు అన్నానికి డబ్బు తీసుకునేది కాదట. "పెరిగే పిల్లలు" అనేదట. భోజనం చేసినవాళ్ళకి మంచం ఉచితం. తెల్లవారుజామున లేపమంటే కర్రతో మంచం కోడు మీద కొట్టి లేపేది.

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటల పని. రాత్రి ఆగాల్సిన చోట యజమాని విశ్రాంతి గది చూపించాలని అందులో ఉండేది. కానీ ఆ చట్టం అయిదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకి. మావయ్యగారు చేసింది ఒకటి రెండు లారీలున్న ఆసాముల దగ్గర. చట్టం సంగతి చదివి వినిపిస్తే ఆయన నవ్వి, "మా విశ్రాంతి గది పిన్ని మంచమేనమ్మా" అన్నారు. గది కట్టాల్సిన వాళ్ళ బదులు ఒక ఆడమనిషి తన పాక ముందు మంచాలు వేసి నెట్టుకొచ్చిందన్నమాట.

ఆయన స్నేహితుల్లో ఒకాయనకి ఇచ్ఛాపురం అంటే ప్రాణం. అక్కడ చెక్‌పోస్టు దగ్గర లారీలు గంటలకొద్దీ నిలబడిపోయేవి, ఆ వరస పొడుగునా టీ బళ్ళూ, భోజనం పాకలూ. చిలక సరస్సు పక్కన బాలుగావ్‌లో తిన్న పీతల కూర గురించి చెప్పమంటే ఇప్పటికీ అరగంట చెబుతాడు. 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చి, అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. లారీ ఆగకపోవడం డ్రైవరుకి మంచిదే. ఆగిన లారీ మీద బతికిన వాళ్ళ మాటేమిటని ఎవరూ అనుకున్నట్టు లేదు.

రెండో ఆయన మాత్రం వీళ్ళిద్దర్నీ కోప్పడ్డాడు. "ఏంటి మీ గొప్ప? బండిలోంచి డీజిలు తీసి అమ్ముకునే చోట్లూ ఇవే. పడుకుని లేచేసరికి టార్పాలిన్ తాళ్ళు కోసేసిన హోటళ్ళు నాకు తెలుసు. ఎదురెదురుగా గుద్దుకుని ఎంతమంది పోయారు ఆ ఒంటి రోడ్డు మీద!" అన్నాడు. మావయ్యగారు ఏమీ అనలేదు. ఆయన తమ్ముడు పోయింది అలాంటి ప్రమాదంలోనే.

నాకూ ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా నాన్నగారితో విశాఖపట్నం వెళ్తూ బస్సు ఇలాంటి హోటలు దగ్గర ఆగింది. మగవాళ్ళందరూ దిగారు. అమ్మా నేనూ దిగలేదు, వెళ్ళడానికి చోటు లేదు. దాహమేస్తోందంటే అమ్మ నీళ్ళు కూడా తాగనివ్వలేదు. మీలో చాలామందికి ఈ బాధ తెలిసే ఉంటుంది. కాబట్టి ఆ రోజులే బాగుండేవని నేను అనలేను.

ఇంకో మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. 1990లలో లారీ డ్రైవర్ల కోసం రోడ్డు పక్కన ఎయిడ్స్ బోర్డులు వెలిశాయి. ధాబాల దగ్గర కార్యకర్తలు వచ్చి చెప్పేవాళ్ళు. అది అవసరమే, ఆ జబ్బు ఇళ్ళ దాకా వచ్చింది. అసలు రోడ్డు ముఖమే చూడని భార్యలు దాన్ని మోశారు. కానీ ఆ బోర్డుల తర్వాత లారీవాడి పెళ్ళాం అంటే చుట్టుపక్కల చూసే చూపు మారిందని అత్తయ్యగారు ఒకసారి నాతో అన్నారు. ఆవిడ కష్టసుఖాలు పైకి చెప్పుకునే మనిషి కాదు. అందుకే అది నాకు గుర్తుండిపోయింది.

పిన్నికీ మా అత్తయ్యగారికీ ఉన్న బంధం విచిత్రమైంది. ఒకరి మొహం ఒకరు చూడలేదు. మా ఇంట్లో ఫోను లేదు. మావయ్యగారు హౌరాకి చేపల లోడు తీసుకెళ్తూ, "బుధవారం రాత్రి దాటాడని చెప్పు పిన్నీ" అని చెప్పి పోయేవారు. ఆవిడ ఆకివీడు వైపొచ్చే ఇంకో డ్రైవరుకి ఆ మాట అప్పగించేది. అతను మా వీధిలో హారన్ కొట్టి, "వదినా, అన్న బుధవారం దాటాడంట" అని అరిచి పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడూ ఇంతే. ప్రతి వేసవిలో అత్తయ్యగారు ఒక చిన్న జాడీ నిండా ఆవకాయ పెట్టి పంపేవారు. లారీలో మూత కదిలి పగులుతుందని మూత ఇంట్లోనే ఉంచి, గుడ్డతో వాసెన కట్టేవారు. ఖాళీ జాడీ ఏ పెసరపప్పుతోనో, చింతపండుతోనో తిరిగొచ్చేది. ఉత్తి జాడీ మాత్రం ఎప్పుడూ రాలేదు.

1996 నవంబరు 6 కోనసీమ తుఫాను సంగతి మన వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం మావయ్యగారు తిరుగు ప్రయాణంలో జొన్నాడ వంతెన దాటి, గాలి ఎక్కువైందని పిన్ని హోటలు దగ్గర ఆపారు. రాత్రికి పాక కప్పు లేచిపోయింది. పిన్ని, ఆవిడ పిల్లలు, ఇద్దరు క్లీనర్లు అందరూ లారీ క్యాబిన్లో ఇరుక్కుని తెల్లారేదాకా కూర్చున్నారట. పొద్దున చూస్తే అరటితోటలన్నీ నేలమట్టం. రోడ్డుకడ్డంగా చెట్లు. అటూ ఇటూ లారీలు కదల్లేదు. తడిసిన కట్టెల మీద డీజిలు పోసి, పిన్ని మూడు రాళ్ళ పొయ్యి వెలిగించింది. పడిపోయిన గెలల్లోంచి అరటికాయలు కోసి కూర. అక్కడ ఆగిపోయిన లారీల వాళ్ళందరికీ నాలుగు రోజులు అదే భోజనం, డబ్బు లెక్క లేదు.

ఇక్కడ అత్తయ్యగారు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు, ఏం చెప్పి ఓదార్చాలో తెలీదు. మూడో రోజు సాయంత్రం సైకిలు మీద ఎవరో కుర్రాడు వచ్చి ఒక చీటీ ఇచ్చాడు. పిన్ని కొడుకు చేతిరాత, నిండా తప్పులు. మీ ఆయన క్షేమం, అన్నం తింటున్నారు, అని ఉంది. ఎంతమంది చేతులు మారి వచ్చిందో ఆ చీటీ. అత్తయ్యగారు అది చదివించుకుని, లేచి స్నానం చేసి, వంట మొదలెట్టారు.

2000 తర్వాత నాలుగు వరసల రోడ్డు పని మొదలైంది. స్వర్ణ చతుర్భుజి అని పేపర్లో రోజూ వచ్చేది. ముందు చెట్లకి రంగుతో అంకెలు వేశారట, తర్వాత హద్దు రాళ్ళు. పిన్ని పాక పోరంబోకులో ఉంది, కాగితం లేదు, కాబట్టి పరిహారం మాటే లేదు. మావయ్యగారిని ఆ ఏడాది ఆసామి చెన్నై వైపు లోడ్లకి వేశాడు. ఆరేడు నెలల తర్వాత ఇటు వచ్చేసరికి చింతచెట్టు లేదు, పాక లేదు, ఎర్రమట్టి కట్ట ఉంది. కూతురి దగ్గరికి వెళ్ళిందని ఒకరన్నారు. హైదరాబాదు పోయారని ఇంకొకరన్నారు. ఒక సెలవు రోజు పని కట్టుకుని బస్సులో వెళ్ళి రావులపాలెం అరటి మార్కెట్టులో కూడా వాకబు చేశారట.

అప్పుడు నేను అడిగాను, "ఆవిడ పేరేంటి మావయ్యా?" అని.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఒక్కరికీ తెలీదు. ముప్ఫై ఏళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నారు. ఏ హోటల్లో పులుసు బాగుండేదో, ఏ బండి ఏ మలుపులో బోల్తా పడిందో చెప్పగలరు. ఆవిడ ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచేదో కూడా తెలీదు, ఎప్పుడెళ్ళినా మెలకువగానే ఉండేదట. వాకబు చెయ్యడానికి వెళ్ళినప్పుడు ఏమని అడిగారంటే, "పిన్ని ఎక్కడుంది" అని అడిగారట.

మావయ్యగారి పాత ఖాతా పుస్తకం తెరిచి చూపించారు. అందులో కూడా "పిన్ని, 340" అనే ఉంది. ఇవ్వాల్సిన బాకీ. మిగతా పద్దులన్నీ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి, అదొక్కటీ లేదు.

2024లో జాతీయ రహదారుల మీద డ్రైవర్ల కోసం వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని కేంద్రం ప్రకటించింది. కొత్త లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారని మా అబ్బాయి చెప్పాడు. మావయ్యగారు సంతోషించారు. "స్నానానికి నీళ్ళు పెడతారా?" అని అడిగారు.

అన్నవరం నించి తిరిగొచ్చేటప్పుడు చీకటి పడిపోయింది. పైగా మధ్యలో డివైడరు ఒకటి, మేం అవతలి పక్క. ఆయన ఆ చోటు కనిపెట్టలేకపోయారు. ఒక పెద్ద హోటలు దగ్గర ఆపి కాగితం కప్పుల్లో టీ తాగాం. ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్రూము ఉంది, నేను వెళ్ళొచ్చాను.

అత్తయ్యగారు పోయి ఆరేళ్ళయింది. ఆఖరి ఆవకాయ జాడీ పిన్ని దగ్గరే ఉండిపోయింది. దాని మూత నా వంటింట్లో చింతపండు డబ్బా మీద ఉంది. సరిగ్గా పట్టదు, కొంచెం వదులు.