హైదరాబాద్ రాజ్యంపై సరుకుల కట్టడి

యుద్ధం ముంచుకొచ్చినప్పుడు అవతలి పక్షానికి అక్కరకొచ్చే సరుకు తన సరిహద్దు దాటకుండా ప్రభుత్వం వేసే కట్టడిని వ్యూహాత్మక సరుకుల ఎగుమతి నియంత్రణ అంటారు. ఆయుధాలు, మందుగుండు, పెట్రోలు, బంగారం, కొన్ని రసాయనాలు ఈ లెక్కలోకి వస్తాయి. తెలుగు నేల మీద దీని దెబ్బ గట్టిగా తిన్నది హైదరాబాద్ రాజ్యం. ఆ రాజ్యానికి సముద్రం లేకపోవడమే అందుకు మొదటి కారణం.

ఒకప్పుడు ఉండేది. 1759లో మచిలీపట్నం, 1766, 1768 ఒప్పందాలతో ఉత్తర సర్కార్లు, 1788లో గుంటూరు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాయి. తూర్పు తీరమంతా అలా చేజారుతున్న రోజుల్లో నిజాం కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని మిషెల్ జోకిమ్ మరీ రేమండ్ (1755–1798) పేరే నేటి హైదరాబాద్ నగరంలోని మూసారాంబాగ్‌లో నిలిచింది. ‘ముస్యే రేమండ్’ అన్న పిలుపు జనం నోట నాని హిందువులకు మూసారాం, ముస్లింలకు మూసా రహీం అయింది. ఫతే మైదాన్ దగ్గర 1786లో పెట్టిన ఫిరంగుల కార్ఖానా, అంటే నేటి గన్‌ఫౌండ్రీ, ఆయన పేరుతోనే ముడిపడింది. ఆయుధాలు ఇక్కడే పోత పోసుకోగల రాజ్యాన్ని బయటి కట్టడి అంత తేలిగ్గా లొంగదీయలేదు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో, రేమండ్ నడిపిన సుమారు 14 వేల మంది ఫ్రెంచి దళాన్ని యుద్ధం లేకుండానే నిరాయుధం చేశారు.

బ్రిటిష్ ఇండియాలో సరుకుల రాకపోకలపై ఆధునిక కట్టడి రెండో ప్రపంచ యుద్ధంలో భారత రక్షణ నిబంధనల కింద మొదలైంది. యుద్ధం ముగిశాక 1947 మార్చిలో అది ఎగుమతి దిగుమతుల నియంత్రణ చట్టంగా మారింది.

ఆ ఏడాదే స్వతంత్ర భారతం ఒక వైపు, స్వతంత్రంగా ఉండాలనుకున్న నిజాం మరో వైపు నిలిచారు. 1947 నవంబరు 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. కొద్ది వారాల్లోనే హైదరాబాద్ రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి బంగారం, వెండి వంటి విలువైన లోహాలు భారత్‌కు ఎగుమతి కాకుండా ఆంక్ష పెట్టేది. రెండోది రాజ్యంలో భారత కరెన్సీ చెల్లకుండా చేసేది. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు కూడా ఇచ్చింది. ఇవన్నీ ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనని ఢిల్లీ అంది. తమకు రావలసిన ఆయుధాలు ఇవ్వడం లేదని హైదరాబాద్ ఎదురు ఫిర్యాదు చేసింది. కట్టడి రెండు వైపుల నుంచీ నడిచిందన్న సంగతి మరవకూడదు.

తాము ఆపింది ఆయుధాలు, యుద్ధానికి పనికొచ్చే సరుకులేనని భారత ప్రభుత్వం చెప్పింది. పెట్రోలు, యంత్రాల విడిభాగాలు, మందులు కూడా ఆగిపోయాయని ప్రధాని లాయక్ అలీ ప్రభుత్వం మొరపెట్టుకుంది. ఆ ఫిర్యాదుల్లో క్లోరిన్ ఒకటి. ఒక ప్రపంచ యుద్ధంలో విషవాయువుగా మనుషుల ఊపిరి తీసిన రసాయనమే నగరంలో తాగునీటిని శుద్ధి చేసేదీ. యుద్ధానికీ బతుక్కీ ఒకే సరుకు పనికొస్తున్నప్పుడు గీత ఎక్కడ గీయాలన్నది ఎగుమతి నియంత్రణలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. చెక్‌పోస్టులో లారీ ఆపే మనిషి దాన్ని తేల్చలేడు. నిజాం పక్షాన ఉన్న సాయుధ దళం రజాకార్ల దౌర్జన్యంతో అప్పటికే నలిగిపోతున్న జనం మీద ఈ కొరత కూడా పడింది. దిగ్బంధం చరిత్ర రాసేవారు పాలకుల వాదాలతో పాటు ఈ బాధనూ లెక్కలోకి తీసుకోవాలి.

కట్టడి ఉన్నచోట దొంగదారి పుడుతుంది. ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ 1948లో లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు మోసుకొచ్చి బీదర్, వరంగల్‌లలో దింపాడు. ఆ తర్వాత బ్రిటన్ కోర్టు అతనికి జరిమానా వేసింది. హైదరాబాద్ ఆగస్టులో ఐక్యరాజ్యసమితి గడప తొక్కింది. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 16న భద్రతా మండలి ఫిర్యాదును చర్చకు తీసుకుంది. మర్నాడే నిజాం లొంగిపోయాడు.

యాభై ఏళ్లకు కట్టడి మళ్లీ హైదరాబాద్ నగరం తలుపు తట్టింది. 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరగడంతో, అమెరికా ఆ ఏడాది నవంబరులో ఆంక్షల జాబితా విడుదల చేసింది. మూసారాంబాగ్‌కు దక్షిణంగా కొద్ది కిలోమీటర్లలో ఉన్న కంచన్‌బాగ్ క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్ అందులోకి ఎక్కాయి. లైసెన్సు లేకుండా వాటికి అమెరికా పరికరాలు అమ్మే వీల్లేకపోయింది. 2011 జనవరిలో ఆ రెండు పేర్లనూ జాబితా నుంచి తీసేశారు.