మానసిక చికిత్సాలయ ప్రవేశం (భారతదేశం)

వయోజనులు మానసిక వ్యాధికి చికిత్స పొందడానికి ఆసుపత్రిలోనో, పునరావాస కేంద్రంలోనో కొంతకాలం ఉండేందుకు చేరడాన్ని మానసిక చికిత్సాలయ ప్రవేశం అంటారు. భారతదేశంలో దీనికి ప్రస్తుత ఆధారం 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. తన చికిత్స గురించి నిర్ణయించుకునే శక్తి ప్రతి రోగికీ ఉంటుందన్న భావన ఈ చట్టానికి పునాది కాగా, ఆ శక్తి లేదని చెప్పదలచినవారే దాన్ని నిరూపించవలసి ఉంటుంది.

పూర్వపు చట్టాల దృష్టి వేరు. 1912 నాటి ఉన్మాద చట్టం రోగిని ప్రధానంగా సమాజానికి ప్రమాదకారిగా చూసి, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఆశ్రమంలో ఉంచే పద్ధతిని స్థిరపరిచింది. దాని స్థానంలో 1987లో చేసిన చట్టం 1993లో అమలులోకి వచ్చి, రోగి తనంతట తాను చేరే వీలును స్పష్టంగా గుర్తించినప్పటికీ, బంధువుల దరఖాస్తుపై 90 రోజుల వరకు చేర్చుకునే అవకాశాన్నీ, మేజిస్ట్రేటు ఉత్తర్వునూ కొనసాగించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమపు పాకకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు తప్పించుకునే దారిలేక మరణించడం, ఇటువంటి చోట్లపై నియంత్రణ ఎంత బలహీనంగా ఉందో దేశానికి చూపింది. నేటి చట్టం గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. అల్లోపతి ఆసుపత్రులతోపాటు ఆయుర్వేద, యోగ, యునానీ, హోమియో పద్ధతుల్లో మానసిక రోగులను చేర్చుకుని సంరక్షించే కేంద్రాలు కూడా విధిగా నమోదు కావాలని నిర్దేశించింది. మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా వ్యాధి నిర్వచనంలో చేరినందువల్ల, డీ-అడిక్షన్ కేంద్రంలో చేరే వ్యక్తికీ ఇవే హక్కులు వర్తిస్తాయి.

ప్రవేశాలలో మొదటిదీ, చట్టం సాధ్యమైనంత వరకు అనుసరించమనేదీ స్వతంత్ర ప్రవేశం. వ్యాధి తీవ్రత ఆసుపత్రిలో ఉండవలసినంతగా ఉండి, అక్కడి చికిత్సవల్ల మేలు కలిగే అవకాశం కనిపించి, రోగి విషయం అర్థం చేసుకుని ఎవరి ఒత్తిడీ లేకుండా కోరుకుంటే, బంధువుల సమ్మతితో నిమిత్తం లేకుండానే చేర్చుకోవచ్చు. అటెండెంటు లేనిదే చేర్చుకోమనే అలవాటు ఇప్పటికీ చాలాచోట్ల ఉన్నది గాని, ఒంటరిగా జీవించేవారిని అది చికిత్సకు దూరం చేస్తుంది. స్వతంత్రంగా చేరిన వ్యక్తికి సమాచారంతో కూడిన సమ్మతి, అంటే ఇవ్వబోయే మందు ఏమిటో, దాని దుష్ఫలితాలేమిటో, వేరే మార్గాలున్నాయో లేదో తెలుసుకున్నాక ఇచ్చే అంగీకారం లేకుండా చికిత్స చేయరాదు. ఆ వ్యక్తి డిశ్చార్జి కోరితే పంపివేయాలి. ప్రాణాపాయం వంటి కారణాలున్నప్పుడు మాత్రం మదింపు కోసం 24 గంటలు ఆపవచ్చు.

ఇటీవల ఆత్మహత్యకు యత్నించినా, ఇతరులపై హింసకు దిగుతున్నా, తన బాగోగులు చూసుకోలేక ప్రమాదంలో పడుతున్నా, అటువంటి వ్యక్తి స్వయంగా నిర్ణయించుకోవడానికి ఎక్కువ సహాయం అవసరమైనప్పుడు తోడ్పాటుతో కూడిన ప్రవేశం జరుగుతుంది. ఇందుకు నియమిత ప్రతినిధి, అనగా రోగి ముందే రాసి ఎంచుకున్న మనిషి, అలా ఎవరూ లేకుంటే బంధువు లేదా సంరక్షకుడు, దరఖాస్తు చేయాలి; ఒక సైకియాట్రిస్టు, మరొక వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి ఏకాభిప్రాయానికి రావాలి. ఈ ప్రవేశం 30 రోజులకు మించదు. మించవలసి వస్తే ఇద్దరు సైకియాట్రిస్టులు మళ్లీ పరీక్షించాలి, జిల్లా స్థాయి సమీక్షా మండలి అనుమతించాలి. చేర్చుకున్న సంగతిని ఏడు రోజుల్లో, మహిళల విషయంలో మూడు రోజుల్లోనే, మండలికి తెలియజేయాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, మున్ముందు జబ్బు తిరగబెడితే తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో రాసిపెట్టుకునే ముందస్తు ఆదేశానికి కూడా చట్టం విలువనిచ్చింది. ఈ సదుపాయం గురించి రోగుల కుటుంబాలకు వైద్యులు చెప్పవలసినంతగా చెప్పడం లేదు.

చేరే రోజు జరిగే పనిలో అధికభాగం వినడమే. ఓపీలో చీటీ రాయించాక వైద్యుడు రోగితో ఒంటరిగానూ, వెంట వచ్చినవారితో వేరుగానూ మాట్లాడి, నిద్ర, ఆకలి, అనుమానాలు, వినిపించే గొంతులు, చనిపోవాలన్న ఆలోచనలు, కుటుంబంలో ఇటువంటి జబ్బు చరిత్ర వంటివన్నీ కేస్ షీటులో నమోదు చేస్తారు. పాత మందుల చీటీలు, ఖాళీ అయిన మాత్రల అట్టలు వెంట తెస్తే ఎంతో సమయం కలిసివస్తుంది. ఏ మందు పనిచేసిందో, ఏది పడలేదో వాటినిబట్టి తెలుస్తుంది. థైరాయిడ్ లోపం, షుగరు పడిపోవడం, మెదడు జబ్బులు కూడా మానసిక లక్షణాలుగా కనిపించగలవు గనుక రక్తపరీక్షలు తప్పవు. వార్డుకు వెళ్లేముందు సంచిలోని బ్లేడ్లు, గాజు సీసాలు, బెల్టులు, ఛార్జరు తీగలు పక్కన పెట్టిస్తారు. ఇది శిక్ష కాదని, తోటి రోగుల రక్షణకు కూడా అవసరమని సిబ్బంది ఆ క్షణంలోనే చెప్పాలి. తన దుస్తులు తాను ధరించే హక్కు, తల గొరిగించుకోమని బలవంతం లేకుండా ఉండే హక్కు, సందర్శకులతోనూ ఫోనులోనూ మాట్లాడే హక్కు రోగికి చట్టప్రకారం ఉన్నాయి.

కుటుంబసభ్యులు వెంట ఉండే పద్ధతి భారతీయ మానసిక వైద్యంలో ప్రత్యేకమైనది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోని గుడారాల్లో ఉంచి, వారిని సంరక్షణలో భాగస్వాములను చేశారు. వెల్లూరు వైద్య కళాశాల, బెంగుళూరు నిమ్హాన్స్ తరువాత ఇదే బాట పట్టాయి. ఈ తోడు ఎంత మేలు చేస్తుందో, మోసంతో మొదలైన ప్రవేశం అంత కీడు చేస్తుంది. గుడికి వెళ్దామని, బీపీ చూపించుకుందామని నమ్మించి వార్డు గుమ్మం దాకా తెచ్చిన మనిషి, బయటికొచ్చాక మందులు మానేస్తే తప్పు ఆ మనిషిది మాత్రమే కాదు. నిజం చెప్పి, ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టినా, ఆ నాలుగు రోజులూ చికిత్సలో భాగమే.

తెలుగునాట విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ చిరకాలంగా ఈ సేవలందిస్తున్న పెద్ద సంస్థలు. ఎర్రగడ్డ పేరునూ వైజాగ్ పేరునూ వెక్కిరింతగా వాడే అలవాటు తరతరాలుగా సాగుతూ, సకాలంలో వైద్యుని వద్దకు వెళ్లవలసిన వారిని వెనక్కి లాగుతున్నది. చేరాలో వద్దో తేల్చుకోలేని స్థితిలో ఉన్నవారు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

డిశ్చార్జి ఆలోచన ప్రవేశంతోనే మొదలుకావాలని నిపుణులు భావిస్తారు: మందులు ఎవరు అందిస్తారు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి, జబ్బు తిరగబెట్టే తొలి సూచనలేమిటి అన్నవి రోగి సమక్షంలోనే నిర్ణయించవలసిన విషయాలు. కుటుంబం నిరాకరించిందన్న కారణంతోనో, ఉండడానికి ఇల్లు లేదన్న కారణంతోనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచివేయరాదని చట్టం చెబుతున్నది. అటువంటివారికి ఆసుపత్రికీ ఇంటికీ నడుమ కొంతకాలం ఆశ్రయమిచ్చే హాఫ్‌వే హోములను, పర్యవేక్షణతో కూడిన వసతి గృహాలను ఏర్పాటు చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అవి అవసరానికి తగినన్ని లేకపోవడంవల్ల, నయమైనా తీసుకువెళ్లేవారు లేక వార్డుల్లోనే ఉండిపోయినవారు దేశంలోని పాత మానసిక వైద్యశాలల్లో నేటికీ ఉన్నారు.