చాట పక్కన తొట్టెల

పసిబిడ్డకు పాలివ్వడం తల్లికీ బిడ్డకూ సంబంధించిన సంగతి, అందులో ఊరికి గానీ సర్కారుకు గానీ పనేముందని చాలామంది అనుకుంటారు. నిజామాబాద్ జిల్లా బాల్కొండ చుట్టుపక్కల బాలింతల బతుకు ఎలా సాగుతూ వచ్చిందో చూస్తే ఆ మాట నిలవదు. బాలింతకు ఎప్పుడూ ఎవరో ఒకరు ఆసరాగా ఉన్నారు. ఒకప్పుడు తల్లిగారిల్లు, మంత్రసాని; తర్వాత అంగన్‌వాడీ; ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో తల్లిపాల బ్యాంకు. ఆసరాలు మారినా ఒక ప్రశ్నను మాత్రం ఎవరూ సూటిగా ఎత్తుకోలేదు. బిడ్డకు పాలిచ్చే గంటల్లో తల్లికి పోయే కూలి ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు జవాబు లేనంతకాలం పాలదానం గురించి ఎంత మాట్లాడినా అది సగం మాటే అవుతుందని నా వాదన.

పాత ఆచారంలో ఈ ప్రశ్నకు ఒక జవాబు ఉంది, ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవకపోయినా. తొలికాన్పుకు కూతురిని తల్లిగారింటికి తీసుకుపోవడం, ఇరవై ఒకటో దినం పసిగుడ్డును తొట్టెలలో వేయడం, మూడో నెలలోనో ఐదో నెలలోనో ఒడి నింపి అత్తగారింటికి సాగనంపడం మనకు వేడుకలుగానే కనిపిస్తాయి. వాటి వెనక శ్రమ లెక్క ఒకటి నడుస్తుంది. ఆ నెలల్లో ఆమె అత్తగారి పొలానికి పోదు, బర్రెలను చూడదు, నీళ్లు మోయదు. ఆమె తిండి ఖర్చు, నూనె, పథ్యం, మంత్రసానికిచ్చే చీర, గింజలు అన్నీ తల్లిగారివే. అంటే పాలిచ్చే కాలపు ఖర్చును ఒక ఇల్లు భరించింది. కాని ఆ ఇల్లు భరించగలిగితేనే. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబంలో ఐదు నెలలు కాస్తా ఇరవై ఒక్క దినాలకు కుదించుకుపోయేవి. రెండో కాన్పు నుంచి ఆ మర్యాద కూడా తగ్గేది. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసిన అలవాటు కూడా ఈ ఆచారాల మధ్యనే ఉంది కాబట్టి గతాన్ని పూర్తిగా మెచ్చుకోవాల్సిన పనీ లేదు.

తల్లి చనిపోయినా, పాలు పడకపోయినా చిన్నమ్మో మేనత్తో తన బిడ్డతో పాటు ఆ బిడ్డకూ రొమ్మందించేది. కలిగిన ఇళ్లకు పాలదాది వచ్చేది. ఆయుర్వేదం దాది ఎంపికకు పెద్ద పట్టికే ఇచ్చింది. సుశ్రుత సంహిత శారీరస్థానం దాది వయసు, ఆరోగ్యం, గుణం, వర్ణం కూడా చూడమంటుంది. ఆమె సొంత బిడ్డ బతికి ఉండాలని కూడా అంటుంది. ఆ బిడ్డ పాల వాటా ఏమవుతుందో మాత్రం చెప్పదు. పాత కాలంలో ఊరంతా ఒకరి బిడ్డకు ఒకరు పాలిచ్చుకున్నారని గర్వంగా చెప్పేవాళ్లు ఈ మౌనాన్ని గమనించాలి. చుట్టరికంలో ఇచ్చిన పాలు ప్రేమతో ఇచ్చినవే, సందేహం లేదు. దాది పాలు మాత్రం చాలాచోట్ల అవసరంలో ఉన్న ఒక పేద తల్లి తన బిడ్డ నోటి దగ్గరి నుంచి తీసి ఇచ్చినవి. పాలు పైకే ప్రవహించాయి, పేదింటి నుంచి కలిగిన ఇంటికి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన కథ బీడీతో మొదలవుతుంది. ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ వైపు ఊళ్లలో తునికాకు, తంబాకు, దారం ఇంటికి తెచ్చుకుని, ఒళ్లో చాట పెట్టుకుని చుట్టి, కట్టలు కట్టి అప్పజెప్పడం ఆడవాళ్లకు తరాలుగా వస్తున్న పని. కూలి వెయ్యి బీడీల లెక్కన. మగవాళ్లు గల్ఫ్ బాట పట్టిన తర్వాత ఎన్నో ఇళ్లను నెలంతా నడిపింది ఈ చాటే. ఇటువంటి కార్మికుల కోసమే 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించడం ఆ చట్టం చేసిన గొప్ప పని. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని వాళ్లకూ వర్తింపజేసింది. అయితే పిల్లల సంరక్షణ గది దగ్గరికి వచ్చేసరికి దాని చూపు కార్ఖానా గోడల దగ్గరే ఆగింది. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే పారిశ్రామిక ఆవరణలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలంది. ఇల్లు ఆవరణ కిందికి రాలేదు. ప్రసూతి చట్టం కూడా అంతే: కాన్పు తర్వాత పనికి తిరిగొచ్చిన తల్లికి బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇచ్చింది. నెలజీతం ఉన్న ఉద్యోగికి విరామమంటే జీతంతో కూడిన సమయం. వెయ్యికింత అని లెక్కగట్టే కూలికి విరామమంటే తగ్గిన బీడీలు, అంతే.

కేరళలో జరిగింది చూస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. 1966 చట్టం అమలు కాబోతున్నప్పుడు కన్నూరులో ఒక పెద్ద కంపెనీ 1968లో తన శాఖలు మూసేసింది. వీధిన పడ్డ వేలమంది కలిసి మరుసటి ఏడాది దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకున్నారు. అక్కడ పనివాళ్లు ఒక కప్పు కింద ఉండేవారు కాబట్టి ఒక మాట మీదికి రాగలిగారు. మన దగ్గర పని ఇళ్లలోనే ఉండిపోయింది. ఇదే జిల్లాలో బోధన్ వైపు చూడండి. నిజాం కాలంలో 1937లో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ తన కార్మికుల కోసం శక్కర్‌నగర్‌ను నిలబెట్టింది. 2015 డిసెంబరులో అది మూతపడ్డప్పుడు ఏం పోయిందో చెప్పడానికి గేటుంది, కాలనీ ఉంది, సంఘం ఉంది. బీడీ తల్లికి పోయేదానికి గేటు లేదు, కాబట్టి అది వార్త కాలేదు.

ఇక్కడొక అభ్యంతరం బలంగా వినిపిస్తుంది. ఇంట్లో పని కాబట్టే కదా తల్లి బిడ్డ పక్కన ఉండగలిగింది, కార్ఖానాకు పోతే ఆ మాత్రమూ దక్కేది కాదు కదా అని. ఇందులో నిజం ఉంది. ఎర్రటెండలో పసుపు పీకడానికో, వరి నాటుకో పోయే కూలితల్లితో పోలిస్తే ఇంట్లో చాట ముందున్న తల్లి బిడ్డకు దగ్గరే. కాని దగ్గర ఉండడమూ పాలిచ్చే తీరిక ఉండడమూ వేరు. కట్టలు తక్కువైతే కూలి తెగుతుంది, వరుసగా తగ్గితే పనే తగ్గుతుంది. ఆ లెక్క తలలో తిరుగుతున్నప్పుడు బిడ్డ ఏడుపు కూడా పనికి అడ్డమే. పైగా తంబాకు దుమ్ము ఇంటి గాలిలోనే ఉంటుంది. చాట పక్కన తొట్టెల కట్టడం తల్లి ఎంచుకున్న సౌకర్యమని అనకూడదు. కంపెనీ పెట్టాల్సిన గదిని ఆమె తన ఇంట్లో, తన ఖర్చుతో పెట్టుకుంది.

ప్రభుత్వం తిండి విషయంలో బాగానే ముందుకొచ్చింది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీని ఊరిదాకా తెచ్చింది. 2007 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో మహిళా గ్రామైక్య సంఘాలే నడిపిన పోషకాహార, దిన సంరక్షణ కేంద్రాల్లో గర్భిణులు, బాలింతలు ఒకచోట కూర్చుని తిన్నారు. 2015 జనవరి 1 నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలోనే అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నారు. తల్లి తింటేనే బిడ్డకు పాలు, కాబట్టి ఇది చిన్న పని కాదు. కాని ఆ ఒక్కపూట భోజనానికి వచ్చిపోయే సమయం కూడా ఆమె కూలిలోంచే కోసుకోవాలి.

ఇక తల్లిపాల బ్యాంకు. ప్రపంచంలో మొదటిది 1909లో వియన్నాలో, ఆసియాలో మొదటిది 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో వచ్చాయి. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ బ్యాంకు 2017లో మొదలైంది. అదే ఏడాది కేంద్రం ప్రభుత్వాసుపత్రుల్లో ఇలాంటి కేంద్రాలకు మార్గదర్శకాలిచ్చింది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు డబ్బాపాల కన్నా మరో తల్లి పాలు మేలు; ముఖ్యంగా పేగులు కుళ్లే జబ్బు నుంచి కాపాడతాయి. దాతకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించి దాస్తారు. సొంత బిడ్డ కడుపు నిండాక మిగిలిన పాలే తీసుకోవాలన్నది నియమం. పాత దాది పట్టికలో లేని వాక్యం ఇక్కడ ఉంది. అమ్మకానికీ తావు లేదు. 2024 మేలో ఆహార భద్రత సంస్థ తల్లిపాల వ్యాపారం కుదరదని గట్టిగా చెప్పింది. పాలు పేదింటి నుంచి పైకి పోయే పాత దారిని మూసే ప్రయత్నంగా నేను దీన్ని చూస్తాను, అందుకే దీని పక్షాన నిలబడతాను.

నిజామాబాద్, బోధన్‌లలో ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. తల్లిపాల బ్యాంకు మీద వాళ్లకున్న అభ్యంతరాన్ని మూఢనమ్మకమని తోసేయడం తప్పు. ఖురాన్ పాలిచ్చిన స్త్రీని తల్లితో సమానం చేసింది, ఆమె పిల్లలతో పెళ్లి నిషేధించింది. ఇక్కడ ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో ఆ బంధానికి కొంచెం పాలైనా చాలు. ఎవరివో తెలియని పాలు కలిసిపోతే రేపు పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఏం చేయాలన్నది వాళ్ల ప్రశ్న. 1985లో ఇస్లామిక్ దేశాల ఫిఖ్ మండలి ఈ కారణంతోనే బ్యాంకులను వద్దంది. 2004లో యూరప్‌లోని ఫత్వా మండలి అవసరాన్ని బట్టి అనుమతించింది. పండితులే రెండు రకాలుగా చెప్పిన చోట ఆసుపత్రి చేయాల్సిన పని తేలికే. అడిగిన కుటుంబానికి ఒకే దాత పాలను విడిగా ఇచ్చి, రెండు కుటుంబాలు ఒప్పుకుంటే పేర్లు రాసి ఇవ్వాలి. వద్దన్న తల్లికి ఆమె పాలే పిండి ఇచ్చే సాయం చేయాలి.

ఆ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. బ్యాంకు పాలు కొందరు బిడ్డలకే, కొన్ని రోజులకే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే; పుట్టిన గంటలోపు పాలు అందిన బిడ్డలు సగం కూడా లేరు. బాల్కొండకు హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. పసిబిడ్డ ఐసీయూలో ఉంటే పక్కనే ఉండి పాలు పిండాల్సిన తల్లి వారానికే చాట ముందుకు తిరిగొస్తే ఆ బిడ్డకు దక్కాల్సిన మొదటి పాలు ఆగిపోతాయి, మిగులు పాలు దానం చేసే మాట అసలే ఉండదు.

బాలింతకు పోయిన కూలి ఇవ్వడానికి లెక్క ఎక్కడుందని అధికారులు అడగవచ్చు. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు పీఎఫ్ లెక్క చూసే జీవనభృతి ఇస్తోంది. నెలకు 1,000 రూపాయలతో మొదలై 2,016కు పెరిగింది. అంటే ఎవరు చుట్టేవారో రాసిన పుస్తకం సర్కారు దగ్గర ఉంది. ఇక ఊళ్ల సంగతి. ఆర్మూర్, బాల్కొండ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలకు డబ్బుంది, మాట చెల్లుబడి ఉంది. గుళ్లకూ ఊరి పనులకూ అవి ఖర్చు చేయగలవు. అవే కమిటీలు కుటుంబాలను సాంఘికంగా వెలివేసిన ఉదంతాలూ ఉన్నాయి కాబట్టి బాలింతల మీద వాటికి పెత్తనం అప్పగించమని నేననను. డబ్బు, ఒక గది కమిటీ ఇవ్వాలి. తాళంచెవి మహిళా సంఘం దగ్గర ఉండాలి. ప్రభుత్వం పీఎఫ్ పుస్తకం ఆధారంగా కాన్పు తర్వాతి ఆరు నెలలకు బీడీ తల్లి కూలిని భర్తీ చేయాలి. ఇది ముందు జరగాలి. జిల్లా ఆసుపత్రుల్లో పాలసేకరణ కేంద్రాలు ఆ తర్వాతే నిలబడతాయి.